ఉప్పు వేసిన చెయ్యి

కాలవలో ఇంకా బురదే కనిపిస్తోంది. పోటు ఎక్కితే గాని లాంచీ రాదు, లాంచీ వస్తే గాని డాక్టరు దొర రాడు, డాక్టరు దొర వస్తే గాని పోలయ్య సంగతి తేలదు. అందుకని దాలమ్మ ఎస్టేటు ఆస్పత్రి వరండాలో గోడకి చేరగిలబడి ఆ బురదనే చూస్తోంది. ఒళ్ళో మొగుడు పోలయ్య కోసం తెచ్చిన గంజన్నం గిన్నె, పాత చీరగుడ్డలో చుట్టి ఉంది. వేడి ఇంకా తగ్గలేదు, తొడ మీద సెగ తగులుతూనే ఉంది. పక్కన పెట్టుకోవచ్చు. పెట్టుకోదు. పక్కన పెడితే ఎవరైనా మూత తీసి చూస్తారేమోనని బెంగ. చూస్తే మాత్రం ఏం కనబడుతుంది, మెతుకులు, నీళ్ళు. కరిగిపోయిన ఉప్పు కంటికి కనబడదు కదా. ఆ మాట అనుకోగానే గిన్నెని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. డాక్టరు వద్దన్న ఉప్పుని ఇరవై ఒక్క రోజులుగా, పూట తప్పకుండా, చేతులారా వేసి, గుడ్డ చుట్టి, కూలి ఇళ్ళ లైన్లన్నీ దాటుకుని మోసుకొచ్చి మొగుడికి పెడుతోంది. ఈ సంగతి భూమ్మీద రెండిటికే తెలుసు, ఒకటి దాలమ్మ ప్రాణానికి, రెండోది ఆమె గదిలో ఉప్పు జాడీకి.

పొద్దున్నే సాలమన్ డ్రెస్సరు అన్న మాట చెవిలోంచి పోవడం లేదు. ఈ ఆస్పత్రికి పెద్దా చిన్నా ఆయనే, పుళ్ళు కడిగేదీ, క్వినైను మింగించేదీ, ప్రాణం పోతే కళ్ళు మూసేదీ ఆయనే. డాక్టరు దొర తెలుక్ ఆన్సన్ పట్నం నుంచి వారానికోసారి లాంచీలో వచ్చి చూసి పోతాడు. "మూడు వారాలు అయిపోయిందమ్మా. మందు ఇచ్చాం, పత్యం పెట్టాం, అయినా వాపు దిగలేదు. ఇవాళ దొర చూస్తాడు. దిగకపోతే పనికి రాడని రాసేస్తాడు. వచ్చే నెల ఓడలో ఊరికి పంపేస్తారు," అన్నాడు. పనికి రాడని. ఈ ఏడాది ఎండు కొబ్బరి అడిగే నాథుడు లేడు, ఎస్టేటు దొరకి మనుషులు ఎక్కువైపోయారు, నెలనెలా ఓడలో ఎవరో ఒకరు పోతూనే ఉన్నారు. పోతే ఏడుపేముంది, సొంత ఊరికే కదా అనుకోవచ్చు. నాలుగో లైనులో ఉండే ఎర్రమ్మా అలాగే అనుకుంది, దగ్గు మొగుణ్ణి చంకన పట్టుకుని నవ్వుతూనే ఓడెక్కింది. ఆరు నెలలకి ఉత్తరం వస్తే ఆఫీసు గుమస్తా కిరాణీ చదివి పెట్టాడు. మూడో రోజున మనిషి పోయాడట, గుడ్డలో చుట్టి సముద్రంలో దింపేశారట, అంతే, క్షేమమని కూడా రాయించలేదు. ఓడ పైతట్టు మీద ఎండా వానా, నీళ్ళ పీపా దగ్గర తోపులాట. ఈ మంచం మీంచి ఆ గుమ్మం దాకా నడిస్తేనే రొప్పుతున్న పోలయ్య ఎన్నో రోజు దాకా ఆగుతాడు? మూడా, నాలుగా? దాలమ్మ అక్కడితో ఆలోచన ఆపేసి బురద వంక చూసింది. బురదలో పీతలు తిరుగుతున్నాయి, వాటికి ఏ తొందరా లేదు.

గుండె అలిసిపోయిందట. మొదటి రోజు దొర ఇంగ్లీషులో ఏదో పెద్ద మాట అంటే డ్రెస్సరు దాన్ని విప్పి చెప్పాడు, నీ మొగుడి గుండె అలిసిపోయింది దాలమ్మా అని. అలిసిపోవడం కూడా ఒక జబ్బేనా అని అప్పుడామెకి ఆశ్చర్యం వేసింది. ఇక్కడ అలిసిపోనిది ఎవరు? చీకటితో లేచి పేర్ల పిలుపుకి నిలబడడం, పగలంతా చిప్పల్లోంచి కొబ్బరి పెళ్ళగించడం, బట్టీ పొగకి కళ్ళు మండడం, సాయంత్రం నీళ్ళూ కట్టెలూ వంటా, పందొమ్మిదేళ్ళుగా ఇదే. ఆమె నడుం అలిసిపోయింది, మోకాళ్ళు అలిసిపోయాయి, మణికట్టు అలిసిపోయి రాత్రుళ్ళు తనంతట తనే మెలితిరుగుతుంది, చివరికి జుట్టు కూడా అలిసిపోయి రాలిపోతోంది, వాటిలో దేనికీ ఏ దొరా పేరు పెట్టలేదు, మగవాడి గుండెకి మాత్రం మంచమూ తెల్ల దుప్పటీ. అలా అనుకున్నందుకు ఆ వెంటనే లెంపలు వేసుకుంది. వేసుకున్నా, అనుకున్నది అనుకున్నదే. ఇప్పుడైనా ఈ గోడకి తల ఆనించి కళ్ళు మూసుకుంటే వారం రోజుల దాకా తెరవకుండా పడుకోవాలని ఉంది. పడుకోవడం పోలయ్యకే చేతకాదు. అందుకే గుండె పోయిందేమో, ఎవరు చెప్పగలరు. రోజుకి వెయ్యి కాయలు ఒలిచేవాడు. నేలలో పాతిన ఇనుప గునపం మీద కాయని గుచ్చి, ఒక్క తిప్పు తిప్పి, డొక్క ఇటూ కాయ అటూ. పక్కవాడు ఇంకో పాతిక ఒలిచాడంటే తను ఇంకో యాభై ఒలిచి గాని అక్కణ్ణుంచి కదిలేవాడు కాదు. తిండి దగ్గరా పరుగే, నిద్ర దగ్గరా పరుగే. గంజిలోకి నిప్పుల మీద కాల్చిన ఉప్పు చేప ఉండాలి, చేపలో ఉప్పు చాలక పైన ఇంకో నాలుగు రాళ్ళు చిదుపుకోవాలి, కల్లు దుకాణంలో ముంతకీ ముంతకీ మధ్య నాలుక మీద ఉప్పు రాయి ఉండాలి. ఇదేం తిండి మావా అంటే, "ఒంట్లో ఉప్పంతా సెమటలో పోతన్నాది, మళ్ళీ ఎట్టుకోవద్దేటి?" అనేవాడు. నిజమే అనిపించేది. ఆమె వడ్డిస్తూ పోయింది. పెట్టడంలో ఏనాడూ లోటు చేయలేదు, లైన్లలో ఆ మాట అందరూ ఒప్పుకుంటారు.

అంత ఉప్పు ఎందుకు కావలసి వచ్చేదో డ్రెస్సరుకి తెలియదు గాని దాలమ్మకి తెలుసు. అడ్డపొగ. చుట్ట తిరగేసి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీల్చడం. భీమిలి నుంచి బారువ దాకా సముద్రపు ఒడ్డున ఆడవాళ్ళు అలాగే కాలుస్తారు, గాలికి ఆరిపోదు, పనిలో చేతికి అడ్డం రాదు. పోలయ్యకి వాళ్ళ అమ్మమ్మ నేర్పింది. ఈ దేశం వచ్చిన కొత్తలో లైన్లన్నీ విరగబడి నవ్వాయి, ఆడదానిలా కాలుస్తాడని. ఎండు కొబ్బరి బట్టీ దగ్గర పనికి పెట్టాక ఆ నవ్వు ఆగింది. అక్కడ ఎండిన డొక్కలు ఇల్లెత్తు పోగుపడి ఉంటాయి, ఒక్క రవ్వ చాలు, అంతా బూడిదే, అందుకని చుట్టా బీడీ వెలిగించుకుని ఆ దరిదాపులకి పోకూడదని కట్టడి. నిప్పు నోట్లోనే దాచుకున్నవాడి దగ్గర రవ్వెక్కడిది? కూలీల మేస్త్రీ కంగాణీ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఏడాది తిరక్కుండా బట్టీ దగ్గర మగవాళ్ళంతా అడ్డపొగకి దిగారు, పోలయ్యే వాళ్ళకి గురువు. రోజుకి ఎన్ని చుట్టలు, పది, పన్నెండు, నోరు ఖాళీగా ఉన్న పొద్దే లేదు. అంగిలి ముందు తెల్లబడింది, తర్వాత నాలుక మొద్దుబారింది. పెళ్ళైన కొత్తలో కూరలో ఉప్పు తక్కువైన రోజునే తక్కువైందనేవాడు, తర్వాత తర్వాత ప్రతి రోజూ తక్కువైందనేవాడు. ఆమె పెంచుతూ పోయింది. చివరికి అతని కంచంలోది ఆమె నోట పెట్టుకుంటే ఉమ్మేయవలసి వచ్చేది, ఇద్దరికీ వేరువేరుగా కలిపేది. అందుకే దొర ఉప్పు మానమన్న రోజున పోలయ్య తేలిగ్గా నవ్వేశాడు. "ఉన్నా నేకపోయినా నా నాలిక్కి ఒకటే బావూ. మానేత్తాను." చుట్టా మానమన్నారు, మానేశాడు. కల్లూ మానమన్నారు, మానేశాడు. ముప్పై ఏళ్ళ చుట్ట, ఒక్క రోజులో. మొదటి వారం దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని నమిలాడు, డ్రెస్సరుని బూతులు తిట్టాడు, మళ్ళీ క్షమించమని ఏడ్చాడు. అయినా ముట్టలేదు. బతకాలని ఉంది ఆ మనిషికి. బతకాలని అంత ఉందని దాలమ్మకి ఇన్నేళ్ళ కాపురంలో తెలియనే తెలియలేదు. అతను మాట నిలబెట్టుకున్నాడు, మాట తప్పింది తనే.

కాలవ మొగలో నీళ్ళు మెరిశాయి. పోటు మొదలైంది. ఇంకెంత, గంట పట్టదు. లోపల్నుంచి పోలయ్య గొంతు వినిపిస్తోంది, పక్క మంచం మీద జ్వరంతో పడున్న అప్పడికి గొప్పలు చెబుతున్నాడు, మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగుతూ. "ఇరవై ఒక్క రోజులురా అప్పడా... ఉప్పు రాయి నోట్లో ఎట్నేదు... నీ వల్ల ఔతాదేటి? దొర అడిగితే నువ్వే సెప్పాల, నువ్వే సాచ్చివి." అప్పడు ఏదో గొణిగాడు. దాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిట్టినా బాగుండును, కొట్టినా బాగుండును. తన చేతి గంజి తాగి తను వింటుండగానే అలా గొప్పలు పోతుంటే ఎక్కడ దాక్కోవాలి.

నిజానికి ఆమె తప్పు ఉప్పుతో మొదలవలేదు. వానలకి ముందే పోలయ్య బుగ్గలు నిండడం మొదలైంది, చేతులు గుండ్రబడ్డాయి, పొట్ట వచ్చింది. పక్క గది నూకమ్మ, లైన్లలో పురుళ్ళ దగ్గర్నుంచి పాడె దాకా అన్నిటికీ పెద్దదిక్కు, ఆమే ముందు అంది. "ఓలి దాలీ, నీ మావ ఒళ్ళు సేసినాడే. ఏటెడతన్నావు?" దాలమ్మ పొంగిపోయింది. ఓడ దిగిన నాడు ఎముకల గూడులా ఉన్న మనిషి, ఇన్నేళ్ళ తన చేతి కూడు ఇప్పటికి ఒంటబట్టిందనుకుంది. మొలతాడు బిగిసిపోతే నవ్వుతూ ముడి విప్పి వదులుగా కట్టింది, ఒకసారి కాదు రెండుసార్లు. ఎవరి కళ్ళు పడతాయోనని ఉప్పూ మిరపకాయలూ చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఇంకో ముద్ద తినమని బతిమాలింది, ఇంకో చేప కాల్చింది. రాత్రి పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటున్నాడంటే కడుపు నిండా తిన్నాడు కదా అనుకుంది. ఒక పొద్దున కాయల గుట్ట పక్కన గునపం పట్టుకుని కూలబడిపోయాక ఇక్కడికి మోసుకొచ్చారు. డ్రెస్సరు కాలి మీద బొటనవేలు నొక్కి తీస్తే అక్కడ గుంట పడి అలాగే ఉండిపోయింది, తడిపిన పిండిలో వేలు దించినట్టు. ఒళ్ళు కాదమ్మా, అంతా నీరే, అన్నాడు. ఉప్పు నీళ్ళని పట్టి ఉంచుతుంది, ఉప్పు మానితే నీరు దిగుతుంది, నీరు దిగితే గుండెకి బరువు తగ్గుతుంది, మందు దాని పని అది చేస్తుంది, నీ పని నువ్వు చెయ్యి. ఆమెకి అర్థం కాక కాదు. వానాకాలంలో ఉప్పు జాడీ అడుగున నీరు ఊరడం ఆడదానికి ఒకరు చెప్పాలా? అంతా అర్థమైంది. అర్థమయ్యే వేసింది.

ఎందుకు వేశావని ఇంతవరకూ అడిగినవాళ్ళు లేరు, అయినా జవాబు మాత్రం రోజూ చెప్పుకుంటూనే ఉంది, దారి పొడుగునా, కొబ్బరి పెళ్ళగిస్తూ, కాళ్ళు చాపుకుని చూరు వంక చూస్తూ. మొదటి సాయంత్రం వేయకుండానే వండింది. వండి గిన్నెలోకి తీసింది. ఉప్పు లేని అన్నానికి వాసన వేరు. లేదంటారు గాని వేరే. ఆ వాసన ఆమెకి తెలుసు. ఆ గదిలో ఆ పొయ్యి మీద ఉప్పు లేని అన్నం అంతకుముందు ఒకే ఒక్కసారి వండింది, కూతురు సీత పోయిన మూడో రోజున. నాలుగేళ్ళ పిల్ల, జ్వరం వచ్చి రెండు రోజులే. ఆ మూడో రోజు పొయ్యి ముందు ఒళ్ళు తెలియకుండా కూర్చుని, అలవాటు కొద్దీ జాడీలోకి చెయ్యి పెట్టి గుప్పిట తీస్తే, నూకమ్మ ఆ చేతి మీద చటుక్కున కొట్టింది. "ఉప్పెయ్యకే. పోయినోలకి ఉప్పెయ్యరు. ఏత్తే ఇంటి మీద ఆస ఒగ్గరు, ఎల్లలేరు." గుప్పిట విప్పించి ఉప్పంతా దులిపింది. దాలమ్మ చప్పటి అన్నం ఆకులో పెట్టి, కాలవ గట్టున కొబ్బరి చెట్ల కింద కాకుల కోసం ఉంచి వచ్చింది. తండ్రి ఒళ్ళో కూర్చుని ఉప్పు చేప తలకాయ కోసం పేచీ పెట్టే పిల్ల, అది ఈ చప్పటి మెతుకులు ఎలా తింటుందమ్మా అని ఆ రోజంతా ఏడ్చింది. పోలయ్య ఆ రోజు గుమ్మంలో కూర్చుని చుట్ట మీద చుట్ట కాల్చాడు, ఆ తర్వాత తొమ్మిదేళ్ళలో పిల్ల పేరు కూడా ఎత్తలేదు. మళ్ళీ కడుపు పండలేదు. మరి ఇప్పుడు కళ్ళు తెరుచుకుని, ఊపిరి పీలుస్తూ, దాలీ వచ్చినావేటి అని పిలిచే మనిషి ముందు ఆ అన్నం ఎలా పెడుతుంది? ఇంకా వెళ్ళని మనిషిని వెళ్ళమన్నట్టు కాదూ? అందుకని చిటికెడు వేసింది. చిటికెడే కదా, మందుని ఏం చేస్తుందిలే అనుకుంది. రెండో రోజు వాపు దిగలేదు, భయం వేసింది, ఇంకో చిటికెడు వేసింది. భయం పెరిగిన కొద్దీ ఉప్పు పెరిగింది. ఉప్పు తింటున్నంతకాలం ఈ ఇంటి మీద ఆశ వదలడు, పోలేడు. డ్రెస్సరు లెక్క ఒకటి, దాలమ్మ లెక్క ఒకటి. రెండు లెక్కల మధ్య ఆ మనిషి పాదాలు రోజురోజుకీ ఉబ్బిపోయాయి.

నీళ్ళు గట్టు సగానికి వచ్చేశాయి, పీతలు ఎటో పోయాయి. ఇవాళ్టి నుంచి ఎవరికీ చెప్పకుండా మానేస్తే? కుదరదు, ఇవాళే రాస్తాడు, రాశాక ఏం మానితే ఏముంది. చెబితే? డ్రెస్సరు అరుస్తాడు, అరవనీ. రేపటికల్లా లైన్లలో పాకిపోతుంది, మొగుడికి తన చేత్తో పెట్టి చంపుకోబోయిందని, నూకమ్మ కూడా ముక్కున వేలేసుకుంటుంది, అననీ. కానీ పోలయ్య. ఇరవై ఒక్క రోజులు చుట్ట లేకుండా దుప్పటి నమిలిన మనిషి, ఆ కష్టమంతా పెళ్ళాం చేతిలో వృథా అయిందని తెలిస్తే ఆ ముఖం ఎలా మారుతుంది? ఆ ముఖం చూడలేకే కదా ఇన్నాళ్ళూ నోరు మూసుకుంది. చూడకుండా ఉండాలంటే దారి ఒకటే, నోరు మూసుకుని ఓడెక్కడం. అక్కడ మూడో రోజునో నాలుగో రోజునో ఎలాగూ ఆ ముఖం ఉండదు. అబ్బ, ఎంత అలసటగా ఉందో. ఎవరైనా వచ్చి నీ తరఫున మేం చెప్పేస్తాం, నువ్వు పడుకో అంటే బాగుండును. ఎవరూ రారు. కూత వినిపించింది. లాంచీ మలుపు తిరిగింది.

ఆ తర్వాతంతా తొందర తొందరగా జరిగిపోయింది. టోపీ చంకన పెట్టుకుని దొర రావడం, డ్రెస్సరు వెనకాల పరుగెత్తడం, వరసగా మంచాలు. దాలమ్మ గుమ్మం దగ్గర నిలబడింది, గిన్నె రెండు చేతులా పట్టుకుని. దొర పోలయ్య గుండె మీద గొట్టం ఆనించి చాలాసేపు విన్నాడు. కాలి మీద వేలు నొక్కాడు. గుంట. డ్రెస్సరు వంక చూసి తల అడ్డంగా ఊపాడు. పోలయ్య ఆ తల వంక చూశాడు, నవ్వబోయాడు, నవ్వు రాలేదు. డ్రెస్సరు బల్ల మీంచి కాగితం తీసి అందించాడు, దొర జేబులోంచి కలం తీశాడు. దాలమ్మ కాళ్ళు అప్పుడు కదిలాయి. ఎలా నడిచిందో ఆమెకే తెలియదు, మంచం పక్కకి వచ్చి గిన్నె మూత తీసి డ్రెస్సరు ముందుకి చాపింది.

"బాబూ, దీన్ని ఓపాలి నోట్లో ఎట్టుకుని సూడు."

"ఇప్పుడేమిటమ్మా, పక్కన ఉండు."

"ఒక్క మెతుకు. ఆయన రాయకముందే సూడు. నీ కాళ్ళట్టుకుంతాను."

సాలమన్ విసుక్కుంటూనే బల్ల మీది చెంచా ముంచి నోట్లో పెట్టుకున్నాడు. చెంచా నోట్లోనే ఉండిపోయింది. మెల్లగా తీశాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"అన్నాళ్ళూ."

"మతి ఉందా నీకు? చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా! మీ ఆయన్ని నువ్వే..." దొర ఏమిటని అడిగితే ఇంగ్లీషులో చెప్పాడు, కోపంగా, చేతులూపుతూ. దాలమ్మ నేల చూస్తోంది, మంచం వైపు మాత్రం చూడడం లేదు. దొర అరవలేదు. ఆయన కళ్ళ కింద కూడా సంచులు వేలాడుతున్నాయి, తెల్లారకముందు బయలుదేరి ఉంటాడు. గిన్నె వంకా ఆమె వంకా చూసి, ఏదో అని, కలానికి మూత బిగించి, కాగితాన్ని మిగతా కాగితాల అడుక్కి తోసేశాడు.

"నీ అదృష్టం. మందు తప్పు కాదట, ఇంకో నెల చూస్తాడట," అన్నాడు డ్రెస్సరు. "ఇక నీ చేతి తిండి మాత్రం ఈ గుమ్మం దాటి రాకూడదు. మా వంటవాడు వండుతాడు."

"ఆ వంటోడు వండితే నాను తిన్ను బావూ," అన్నాడు పోలయ్య.

అప్పుడు చూసింది దాలమ్మ. ఆ ముఖంలో తను భయపడ్డది ఏదీ లేదు. తప్పు చేసి దొరికిపోయినవాడిలా దుప్పటి అంచు నలుపుకుంటున్నాడు.

"నాకూ తెల్సినాది," అన్నాడు, ఆమెతో కాదు, డ్రెస్సరుతో. "సుట్ట మానేసినాక నాలిక్కి పేనం వచ్చినాది. నాలుగు రోజులై తెలస్తన్నాది, గంజిలో ఉప్పున్నాదని. ఇన్నేళ్ళకి తగిల్నాది బావూ, ఆ రుసి. సెప్పేత్తే పోతాదని, ఇంకొక్క పూట, ఇంకొక్క పూట అని ఊరుకున్నాను."

"మరి అప్పడి దగ్గర ఆ గొప్పలేమిటయ్యా?"

"అయి ముందలి పదేడు రోజులయి."

అప్పడు జ్వరంలోనే కిసుక్కున నవ్వాడు. సాలమన్ నుదురు కొట్టుకుని, మొగుడూ పెళ్ళాలిద్దరూ సరిపోయారు అంటూనే ఆస్పత్రి వెనక పొయ్యి చూపించాడు. ఇక్కడే వండాలి, తన కళ్ళ ముందే, జాడీ గీడీ ఏమీ ఉండదు. దాలమ్మ సరేనంది. బియ్యం కడిగింది, ఎసరు పోసింది, పొయ్యి ఊదింది. నీళ్ళు తెర్లుతుంటే కుడి చెయ్యి తనంతట తనే పక్కకి పోయి ఖాళీ నేల తడిమింది. డ్రెస్సరు చూస్తూనే ఉన్నాడు. అన్నం దిగింది. ఆ వాసనే. కంచంలో పెట్టుకుని మంచం దాకా తెచ్చింది గాని కింద పెట్టలేకపోయింది, రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడిపోయింది, ఎంతసేపు నిలబడిందో.

పోలయ్య ఆమె చేతుల వంక చూశాడు.

"సీతకి ఎట్టినావు కదా, అలగ," అన్నాడు.

తొమ్మిదేళ్ళకి ఆ పేరు ఆ నోట విని దాలమ్మ మంచం పట్టె మీద కూలబడింది. ఏడుపు వచ్చేసింది, ఆపుకోలేదు.

"ఏడవకే. నువ్వు తిను ముందు."

"నాకెందుకు మావా?"

"సచ్చినోల కూడు ఎవులూ పంచుకు తినరు. నువ్వు తింటే ఇది నా కూడు ఔతాది. తిను."

ఆమె ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నీళ్ళు తాగి దింపింది.

"ఎలగుంది?"

"మట్టిలాగున్నాది."

అతను నోరు తెరిచాడు, ఆమె పెట్టింది. చాలాసేపు నమిలాడు, ముఖం అష్టవంకర్లు తిప్పాడు, మింగి ఊపిరి తీసుకున్నాడు.

"మట్టే," అన్నాడు. "ఇంకోటి ఎట్టు."

దాలమ్మ పెట్టింది.